అతుకులక్కయ్యా, ఆ మిగిలిన ఒక్కరూ

కొత్తది ఏది కనబడినా దాన్ని పాతదానికి అతికించేదాకా అతుకులక్కయ్యకు అన్నం సహించదు. కొత్త ఒక వింత, పాత ఒక రోత అని లోకం అనుకుంటుంది గదా, ఆవిడ దృష్టిలో కొత్త వింతే గాని పాత రోత కాదు. పాతదానికి పాపం ఆ వింత ఇంకా అందలేదు, అంతే. ఎవరో ఒకరు అందించాలి. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ ఆవిడే.

ఆవిడకు అసలు పేరు ఒకటుంది. జీతాల గుమాస్తాకు తప్ప ఆఫీసులో ఎవరికీ అది గుర్తులేదు. ఎవరైనా కొత్తవాళ్లు ఆ పేరుతో పిలిస్తే, వెనకాల ఎవరున్నారా అని ఆవిడే తిరిగి చూస్తుంది.

ఒకసారి ఆఫీసులో అందరికీ కొత్త కుర్చీలు వచ్చాయి. తల ఆనించుకోవడానికి పైన చిన్న దిండు ఉన్నవి. అతుకులక్కయ్య మాత్రం తన పాత కుర్చీని వదల్లేదు. మర్నాడు చూస్తే ఆ పాత కుర్చీ నెత్తిన, సూట్‌కేసుకు కట్టే బెల్టుతో బిగించిన దిండు ఒకటి వెలిసింది. దాని మీద గులాబీ పువ్వు కుట్టి ఉంది. ఇంట్లో సోఫా మీదిది కాబోలు.

"అదేంటక్కయ్యా?" అన్నాడు టీం లీడరు.

"కొత్త కుర్చీలో కొత్తగా ఏముంది? దిండేగా. ఇప్పుడు దీనికీ దిండు వచ్చింది. ఇంక దీన్ని పారేయడానికి ఒక్క కారణం చెప్పు."

లీడరు కారణం కోసం వెతికాడు, దొరకలేదు. ఆ బెల్టు తెగి దిండు ఆవిడ కాఫీలో పడుతుందేమో, కాఫీ కంప్యూటరు మీద పడుతుందేమో, కంప్యూటరు నుంచి పొగ వస్తుందేమో అని మాత్రం వారమంతా భయపడ్డాడు.

భయపడటం అతని అసలు వృత్తి. టీం లీడరు ఉద్యోగం తీరిక వేళల్లో చేసేవాడు. ఎవరికైనా మెసేజ్ పంపితే, అందిందా అని ఫోన్ చేసేవాడు. ఫోన్లో అందిందంటే, నిజంగానే అందిందా అని వాళ్ల బల్ల దగ్గరికి నడిచి వెళ్లేవాడు. ఇంటికి తాళం వేసి, లాగి చూసి, వీధి మలుపుదాకా వెళ్లి, వెనక్కి వచ్చి మళ్లీ లాగి చూసేవాడు. "తాళం దొంగల వల్ల పోలేదు బాబూ, మా ఆయన లాగుడికి పోయింది" అని అతని భార్య తాళాలు బాగుచేసేవాడితో చెప్పుకుంది.

ఈ భయస్థుడికి ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నుంచీ పని నేర్పింది అతుకులక్కయ్యే. ఇప్పుడు పదవిలో అతను పైవాడు, ఆవిడ కిందిమనిషి. అయినా అతను 'అక్కయ్యా, మీరు' అంటాడు, ఆవిడ 'నాయనా, నువ్వు' అంటుంది. ఆ వరస మార్చాలన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు.

ఇంట్లోనూ ఆవిడది ఇదే తంతు. ఆవిడ భర్తకు కళ్లజోళ్ల దుకాణం ఉంది. నిదానస్థుడు. "మా ఇంట్లో కొత్త వస్తువు కొనాలంటే ముందు పాతది పరీక్ష రాయాలండీ. మా ఆవిడ పక్కన కూర్చుని కాపీ అందిస్తుంది. పాతది ఎప్పుడూ పాసే. కొత్తది తిరిగి దుకాణానికే" అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంటాడు. చెప్పేటప్పుడు ఆయన ముక్కు మీద ఉండేది కాలేజీ రోజుల నాటి ఫ్రేమే. అద్దాలు మాత్రం సరికొత్తవి, ఎండలోకి వెళ్తే నల్లబడే రకం.

ఇక అత్తగారి ఫోన్ సంగతి. ఆవిడది మీటలు నొక్కే పాత ఫోన్. మనవరాలి కొత్త ఫోన్ ఎవరు చేస్తున్నారో పేరు చదివి చెబుతుంటే ముసలావిడ ముచ్చటపడింది. చాలు, కోడలు రంగంలోకి దిగింది. బంధువులందరి చేతా ఒక్కో మాట పలికించి, రికార్డు చేసి, ఎవరు ఫోన్ చేస్తే వాళ్ల గొంతే మోగేలా ఆ పాత ఫోనుకు అమర్చింది. అతుకు దివ్యంగా కుదిరింది. చిక్కల్లా ఏమిటంటే, ఫోన్ "అత్తయ్యా, నేనూ!" అని మోగగానే అత్తగారు ఫోన్ ఎత్తకుండానే మాట్లాడటం మొదలుపెట్టేది.

"ఆఁ, చెప్పమ్మా."

"అత్తయ్యా, నేనూ!"

"నువ్వేనని తెలుసులేవే, విషయం చెప్పు."

"అత్తయ్యా, నేనూ!"

"ఆఫీసులో మరీ అంత పని పెడుతున్నారేమిట్రా దీనికి, చెప్పిందే చెబుతోంది" అని కొడుకుతో అని, ముసలావిడ కళ్లు ఒత్తుకుంది.

ఆఫీసులో ఆవిడ పని కూడా ఇంచుమించు ఇదే. ప్రోగ్రాములు రాసే భాషకు ఒక సామాన్ల గది ఉంటుంది. తేదీలు లెక్కకట్టే పనిముట్టు, వరసలు సర్దే పనిముట్టు, ఇలా రోజూ అవసరమయ్యేవన్నీ అందులో సిద్ధంగా ఉంటాయి. భాషకు కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా ఆ గదిలో కొత్త పనిముట్లు చేరతాయి. పాత వెర్షన్‌తో నెట్టుకొచ్చేవాళ్లకు అవి అందవు. అతుకులక్కయ్య ఆ కొత్త పనిముట్టును అటు తిప్పి ఇటు తిప్పి చూసి, పాత గదిలో దొరికే సామానుతోనే అచ్చం అలాంటిది తయారుచేసి వాళ్లకు అందిస్తుంది. దాన్ని బ్యాక్‌పోర్ట్ అంటారు. ఆవిడ మాత్రం అతుకు అంటుంది.

ప్రతి అతుకు మొదట్లోనూ ఆవిడ ఒకే మాట రాస్తుంది. రాసేది యంత్రం భాషలోనే గాని తాత్పర్యం ఇది: 'కొత్తది ఉందేమో చూడు. ఉంటే నేను తప్పుకుంటాను. లేకపోతే నేనున్నాను.'

"అతుకుకు అహంకారం ఉండకూడదు నాయనా. అసలుది వచ్చిన రోజున కుర్చీ ఖాళీ చేసి లేచిపోవాలి" అని కొత్తగా చేరినవాళ్లందరికీ చెప్పేది. చెబుతూ గులాబీ దిండుకు తల ఆనించి, తన పాత కుర్చీలో మరింత వెనక్కి వాలేది.

ఇలా సాగిపోతుండగా ఒక సోమవారం మీటింగులో పెద్దాయన, అంటే డైరెక్టరు, బల్ల మీద వేలితో కొడుతూ అడిగాడు. "ఈ పాత వెర్షన్‌ని ఇంకా ఎంతకాలం మోస్తాం?"

ఎవరూ మాట్లాడలేదు. అతుకులక్కయ్య ఆ రోజు సెలవు. లీడరుకు నిశ్శబ్దమంటే భయం. ఆ భయంలో నోరు జారింది.

"శుక్రవారం మధ్యాహ్నానికల్లా తీసేస్తాం సార్."

"మంచిది" అన్నాడు పెద్దాయన. "మాట మీద నిలబడు. లేకపోతే ఈ పని పై అంతస్తు వాళ్లకు ఇచ్చేస్తాను. అప్పుడు నీకూ, ఆ అతుకులావిడకూ ఇక్కడేం పని ఉంటుందో చూడాలి."

లీడరు గుండెల్లో రైళ్లు పరిగెత్తాయి. కొన్నయితే స్టేషన్లలో ఆగకుండా కూడా వెళ్లాయి.

పాత వెర్షన్ ప్రాణమంతా ఆఫీసు మూలన బల్ల కింద ఉన్న ఒక ముసలి కంప్యూటరులో ఉంది. పాతవాళ్ల యంత్రాలన్నీ దానితోనే మాట్లాడతాయి. దాని ప్లగ్ పీకేస్తే కథ కంచికి. మర్నాడు అక్కయ్య రాగానే లీడరు ఆవిడ బల్ల దగ్గర వాలాడు.

"అక్కయ్యా, అందరూ కొత్తదానికి మారిపోయారు కదా?"

"మారారు. ఒక్కరు తప్ప."

"ఎవరా ఒక్కరు?"

"ఉన్నార్లే. వచ్చే నెలలో వాళ్లకు కొత్త కంప్యూటరు పెట్టె వస్తోంది. ఇప్పుడున్న పెట్టెలో కొత్త వెర్షన్ పట్టదు. అప్పటిదాకా ఆగు."

"నేను మాటిచ్చేశాను!"

"ఇమ్మని ఎవరడిగారు? సరే, శుక్రవారం పెద్దాయనతో నేను మాట్లాడతాలే. అందాకా ఆ ప్లగ్ జోలికి మాత్రం వెళ్లకు."

"అసలు ఎవరక్కయ్యా వాళ్లు?"

"నీళ్లు తాగు నాయనా."

నీళ్లు తాగాడు. భయం తగ్గలేదు. ఆ ముసలి కంప్యూటరులో వెతికితే ఎవరి పేరూ లేదు, ఏదో పొడుగాటి అంకె ఉంది. అంకెకు మొహం ఉండదు కాబట్టి లీడరు తనకు తోచిన మొహాలన్నీ దానికి తగిలించాడు. పోలీసులేమో! తీసేస్తే పట్టుకుపోతారు. దొంగలేమో! తీయకపోతే పోలీసులు పట్టుకుపోతారు. ఎటు తిప్పినా కథ తనను పట్టుకుపోవడం దగ్గరే ఆగుతోంది.

దానికి తోడు ఇంకొకటి గమనించాడు. మధ్యాహ్నం అవగానే అక్కయ్య బల్ల మీది ఫోన్ మోగుతుంది. ఆవిడ గొంతు తగ్గించి అడుగుతుంది. "చల్లగా ఉందా? చల్లగానే ఉందిగా? తలుపు సరిగ్గా పడుతోందా? మంచిది, ఉంటాను." బుధవారం ఇదే, గురువారమూ ఇదే.

గురువారం ఇంటికి వెళ్లి భార్యతో అన్నాడు. "అక్కయ్య ఐస్‌క్రీమ్ వ్యాపారం పెట్టింది. కంపెనీ కంప్యూటరు మీద నడుపుతోంది."

"పెడితే పెట్టింది."

"పెద్దాయనకు తెలిస్తే?"

"ఏ రకాలు అమ్ముతోందో కనుక్కోండి" అని అటు తిరిగి పడుకుంది.

శుక్రవారం లీడరు ఊడ్చేవాళ్లకంటే ముందే ఆఫీసుకు వచ్చాడు. అక్కయ్య ఇంకా రాలేదు. అత్తగారిని కంటి పరీక్షకు తీసుకెళ్లి వస్తానని మెసేజ్ పెట్టింది. లీడరు అందిందని జవాబిచ్చి, తన జవాబు అందిందా అని ఫోన్ చేశాడు. ఆవిడ ఎత్తలేదు. ఆవిడ వచ్చేలోగా మధ్యాహ్నమైపోతే? పెద్దాయన ముందే దిగితే? పై అంతస్తు వాళ్లు ఇప్పటికే సామాన్లు దించుకోవడానికి వస్తుంటే? తన సంగతి సరే, ఈ వయసులో అక్కయ్యను ఎవరు ఉద్యోగంలో పెట్టుకుంటారు? ఆ దిండు పట్టుకుని ఆవిడ ఎక్కడికి పోతుంది?

అక్కయ్యను కాపాడాలంటే అక్కయ్య వద్దన్న పని చేయడమే దారి అనిపించింది. భయం బాగా ముదిరితే ఒక్కోసారి ధైర్యంలాగే కనిపిస్తుంది. లీడరు బల్ల కిందికి దూరాడు. ప్లగ్ ఊడకుండా అక్కయ్య దాన్ని సూట్‌కేసు బెల్టుతో కట్టేసి ఉంచింది. దిండుకు కట్టిన దానికి జోడీ. చెమట్లు కక్కుతూ బెల్టు విప్పాడు. ప్లగ్ పట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు.

అక్కయ్య బల్ల మీద ఫోన్ మోగింది.

ఉలిక్కిపడి తల బల్లకు కొట్టుకున్నాడు. తడుముకుంటూ లేచి ఫోన్ ఎత్తాడు.

"అక్కయ్యా!" అవతల ఒక ఆడగొంతు హడావిడిగా అంది. "మధ్యాహ్నం కుదరదని ఇప్పుడే చేస్తున్నాను. చల్లగానే ఉంది. అలారం కూడా పరీక్ష చేశాం, మోగింది."

"ఎవరండీ? ఏం అలారం?"

"మీరెవరు? నేను బ్లడ్ బ్యాంకు నర్సుని. రక్తం దాచే ఫ్రిజ్ అలారం. తలుపు సరిగ్గా పడకపోయినా, కరెంటు పోయినా మీ ఆఫీసు కంప్యూటరే కదా మా ఫోన్లు మోగించేది? అక్కయ్య లేరా?"

లీడరు తన చేతికేసి చూసుకున్నాడు. ప్లగ్ పట్టుకున్న గుర్తు అరచేతిలో ఎర్రగా ఉంది.

"ఒకవేళ..." అన్నాడు. "ఒకవేళ మా కంప్యూటరు ఆగిపోతే?"

"అయ్యో, అలా అనకండి. ఇక్కడ ఫ్రిజ్ పక్కనున్న కంప్యూటరు పెట్టె మామూలుగానే వెలుగుతుంటుంది. మేమూ బాగానే ఉందనుకుంటాం. లోపల రక్తం పాడైపోయినా తెలీదు. ఆపరేషన్ బల్ల మీద మనిషిని పెట్టుకుని ఫ్రిజ్ తలుపు తీస్తే అప్పుడు తెలుస్తుంది." నర్సు కొంచెం నవ్వింది. "కంగారుపడకండి. మా పెట్టె కూడా రోజూ అదే చెబుతుందిగా."

"ఏం చెబుతుంది?"

"తెర మీద వస్తుందండీ. ఎవరు రాశారో గాని మాకందరికీ కంఠతా వచ్చేసింది. 'కంగారుపడకండి, అంతా చల్లగానే ఉంది' అని. కింద ఇంకో లైను, 'అయినా ఒకసారి చూసుకోండి' అని."

లీడరు కుర్చీ కోసం వెనక్కి చెయ్యి చాపాడు. దొరికింది అక్కయ్య కుర్చీ. గులాబీ దిండు తలకు తగిలింది.

ఆ రెండు లైన్లూ లోకంలో ఒక్క మనిషే రాయగలడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, పని నేర్చుకోవడానికని అక్కయ్య అతని చేత రాయించిన మొట్టమొదటి ప్రోగ్రాము అది. చెత్తబుట్టలో కలిసిపోయి ఉంటుందని ఇన్నేళ్లూ అనుకున్నాడు. ఆ మిగిలిన ఒక్కరూ ఎవరో కాదు. గుమ్మడికాయల దొంగ కోసం ఊరంతా వెతికి, చివరికి తన భుజం తాను చూసుకున్నట్టయింది.

అతుకులక్కయ్య వచ్చేసరికి లీడరు నేల మీద, ప్లగ్‌కు అడ్డంగా కూర్చుని ఉన్నాడు. బెల్టు మళ్లీ బిగించాడు. దాని మీద తన బెల్టు కూడా బిగించాడు. ఊడ్చే మనిషి చీపురు పట్టుకుని దూరంగా నిలబడి ఉంది.

"ఈయన నన్ను ఊడవనివ్వట్లేదమ్మా. తీగ కదులుతుందంట."

అక్కయ్యకు అర్థమైపోయింది. బ్యాగు బల్ల మీద పెట్టి, మోకాళ్లు పట్టుకుని మెల్లగా అతని పక్కనే నేల మీద కూర్చుంది.

"నాకెందుకు చెప్పలేదక్కయ్యా?" అన్నాడు లీడరు. "ఇంకొక్క క్షణమైతే పీకేసేవాణ్ని."

"ఎందుకు చెప్పలేదా? చెబితే ఏం చేసేవాడివి?"

"ఏం చేసేవాణ్ని? చూసుకునేవాణ్ని."

"చూసుకోవు నాయనా. ఆ ఫ్రిజ్ పక్కనే పక్క వేసుకుని పడుకునేవాడివి. ఇంటి తాళాన్నే అంత లాగేవాడివి, రక్తం ఫ్రిజ్ తలుపును ఊరికే వదులుతావా? నువ్వు రాసింది బాగుందని వాళ్లు పెట్టుకున్నారు. అప్పుడే చెబుదామనుకున్నాను. నీ పెళ్లి కుదిరింది. పెళ్లికొడుక్కి ఎందుకీ దిగులు అనుకున్నాను. తర్వాత చెబుదామంటే పాప పుట్టింది, అప్పటికే నీకు నిద్ర లేదు. ఆ తర్వాత నిన్ను లీడర్ని చేశారు. ఇంక బొత్తిగా వీల్లేకపోయింది."

"అంటే ఇన్నేళ్లూ ఆ అతుకులన్నీ..."

"ఆ పెట్టె కోసమే. బయట ఏది కొత్తగా మారినా నీ ప్రోగ్రాముకు సరిపడేలా అతుకు పెడుతూ వచ్చాను. నీదేం చెడ్డ ప్రోగ్రాము కాదు నాయనా. పాతబడింది, అంతే. పాతబడటం తప్పా?"

లీడరు ఏడుస్తాడేమోనని అక్కయ్య, తాను ఏడిస్తే కన్నీళ్లు ప్లగ్ మీద పడతాయేమోనని లీడరు, ఇద్దరూ ఒకేసారి నీళ్ల సీసా అందుకున్నారు. ఊడ్చే మనిషి వీళ్ల చుట్టూ ఊడ్చుకుని వెళ్లిపోయింది.

మధ్యాహ్నం పెద్దాయన దిగి వచ్చాడు. అక్కయ్య లేచి నిలబడింది. ఆవిడ నోరు తెరిచేలోగా లీడరు ముందుకొచ్చాడు. కాళ్లు వణుకుతున్నాయి. ఆవిడ కుర్చీ పట్టుకున్నాడు గనుక కుర్చీ కూడా వణికింది.

"పాత వెర్షన్ తీసేశారా?"

"తీయలేదు సార్. తీయను. ఇంకా ఒకరు మిగిలారు."

"ఎవరా ఒకరు?"

"నేనే సార్."

పెద్దాయన కళ్లజోడు తీశాడు. లీడరు ఫ్రిజ్ సంగతంతా చెప్పాడు. భయంతో మొదలుపెట్టాడు గనుక ఎక్కడ ఆపాలో తెలియక, ఆపరేషన్ బల్ల, తలుపు సందు, కరెంటు కోత అన్నీ చెప్పుకుంటూ పోయాడు. కొంతసేపటికి పెద్దాయనకే చెమట్లు పట్టాయి. బల్ల కిందికి వంగి ప్లగ్ గట్టిగా ఉందో లేదో స్వయంగా చూశాడు.

"ఇన్నాళ్లూ దీన్ని చూసుకున్నది ఎవరు?"

అందరి చూపూ గులాబీ దిండు మీద ఆగింది.

"కొత్త పెట్టె వచ్చేదాకా దీన్ని ముట్టుకున్నవాడికి నాతో పని" అని పెద్దాయన గంభీరంగా అని, తలుపు దాకా వెళ్లి, వెనక్కి వచ్చి ప్లగ్ మరోసారి చూసి వెళ్లాడు. లీడరుకు ఆ మనిషి మీద మొట్టమొదటిసారి ప్రేమ పుట్టింది.

మరుసటి నెలలో బ్లడ్ బ్యాంకుకు కొత్త పెట్టె వచ్చింది. అందులో కొత్త వెర్షన్ పెట్టారు. అక్కయ్య అతుకులు తమ మొదటి లైను ప్రకారం కొత్తవి ఉన్నాయేమో చూశాయి. ఉన్నాయి. చప్పుడు చేయకుండా తప్పుకున్నాయి. అలారం పరీక్షలో నర్సుల ఫోన్లన్నీ మోగాయి. ముసలి కంప్యూటరు ప్లగ్ పీకే గౌరవం లీడరుకే దక్కింది. అక్కయ్యను పక్కన నిలబెట్టుకుని, మళ్లీ మళ్లీ అడిగి పీకాడు.

కొత్త పెట్టె తెర మీద పచ్చ దీపం బొమ్మ మాత్రమే వచ్చేది. మాటలేమీ లేవు. నర్సులకు అది నచ్చలేదు. ఉత్త దీపాన్ని ఎలా నమ్ముతామన్నారు. అప్పుడు అతుకులక్కయ్య పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఎన్నడూ చేయని పని ఒకటి చేసింది. పాతదాన్ని తెచ్చి కొత్తదానికి అతికించింది. అది చేసిన రోజున ఏదో తప్పు చేసినదానిలా ఆఫీసులో ఎవరి కళ్లలోకీ చూడలేదు.

ఇప్పుడు మధ్యాహ్నం ఫోన్ చేసేది లీడరే. అతను పక్క వేసుకుని ఫ్రిజ్ దగ్గర పడుకోలేదు గాని, ఆ ఫోన్ చేయనిదే భోజనానికి లేవడు.

"చల్లగా ఉందా అండీ?"

"ఉంది సార్" అంది నర్సు నవ్వుతూ. "తెర మీద మీరే రాశారుగా, కంగారుపడకండని!"

"రాశాను" అన్నాడు లీడరు. "కింది లైను రాసింది కూడా నేనే."

ఫోన్లో ఆమె ఫ్రిజ్ దాకా నడిచివెళ్లిన చప్పుడు, తలుపు నొక్కి చూసిన చప్పుడు వినిపించాయి. లీడరు భోజనానికి లేచాడు.